గడ్డి దూడ

బూచికి కోపం వస్తే కొట్టం మొత్తానికి తెలుస్తుంది. దాని దూడ చచ్చిపోయి అది రెండో రోజు. పొదుగు రాయిలా బిగుసుకుపోయింది. చెయ్యి దగ్గరికి పోతే చాలు, వెనక కాలు లేస్తోంది. కొట్టంలో పశువుల్ని చూసుకునే యేసోబు అప్పటికే ఒక తన్ను తిని, నడుం పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. పాలిచ్చే గేదె తన్నినా పడాలంటారు పెద్దలు. ఇదేమో ప్రస్తుతానికి తన్నులు మాత్రమే ఇస్తోంది.

"దాని పక్కకి పోమాకండి డాక్టరమ్మా, కొమ్ము కూడా ఇసురుద్ది," అన్నాడు యేసోబు హైమవతితో.

పాడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్పాలి. దూడ మూతి తగిలి, దూడ వాసన సోకితేనే గేదె పాలు కిందికి వదులుతుంది. దాన్నే చేపడం అంటారు. చేపకపోతే పొదుగు నిండా పాలున్నా ఒక్క చుక్క రాదు. దూడ చచ్చిపోతే వెనకటి వాళ్ళు దాని తోలు ఒలిచి, ఉప్పు పట్టించి ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కి కుట్టి తల్లి ముందు నిలబెట్టేవాళ్ళు. తల్లి ఆ గడ్డి దూడను నాకుతూ నిలబడితే ఈలోపల పాలు పితుక్కునేవాళ్ళు. హైమవతి చిన్నప్పుడు అలాంటి దాన్ని సొంత దొడ్లోనే చూసింది. కుట్టింది ఆమె తల్లి రాజ్యమ్మే. కొన్నాళ్ళకు తోలుకు పురుగు పట్టి, కుట్లు ఊడి గడ్డి బయటికొచ్చింది. గేదె ఆ గడ్డిని కూడా నాకింది. ఆ రోజు హైమవతి అన్నం ముట్టలేదు. పెద్దదై పశువుల డాక్టరయ్యాక, ఈ కొట్టం ఉన్న పరిశోధన కేంద్రంలో చేరాక, గడ్డి దూడ కంటే శుభ్రమైన ఉపాయం ఒకటి కనిపెట్టింది.

దాని పేరు జోల. అప్పుడే పుట్టిన దూడ తలంత పెట్టె, చుట్టూ మెత్తటి తోలు. హైమవతి దాన్ని బూచి పొదుగు పక్కన తగిలించి, సన్నటి గొట్టాన్ని మూతి దగ్గరికి లాగింది. బూచి తల తిప్పి కొమ్ము విసిరింది. పెట్టె మీద అడ్డంగా గీత పడింది.

"తగిలిందా?" అని అవతలి నుంచి కేకేశాడు శశిభూషణ్. జోల లోపలి తీగలూ లెక్కలూ అతనివి. కొట్టంలో సహోద్యోగి, ఇంట్లో మొగుడు.

"తోలుకే. నువ్వు మీట నొక్కు."

పెట్టె వెచ్చబడింది. గొట్టం నుంచి ఒక వాసన వచ్చింది. బూచి ముక్కు చీదింది. జోలకు గేదె గుండె కొట్టుకోవడం తెలుస్తుంది, ఊపిరి తెలుస్తుంది, చర్మం మీద వేడి తెలుస్తుంది. ఆ వాసన నచ్చలేదని తెలుసుకుని లోపలి సీసాల్లోంచి ఇంకోటి కలిపింది. అదీ కాదంది బూచి. ఇంకోటి. చచ్చిన దూడ తోలుతో జోలకు పనిలేదు, దూడ వాసన ఎలా ఉండేదో దానికి ఎవరూ చెప్పలేదు. తల్లి ఒళ్ళు ఏ వాసనకు మెత్తబడుతుందో వెతుక్కుంటూ పోయి, అక్కడ ఆగుతుంది. కాసేపటికి బూచి చెవులు కిందికి వాలాయి. ఊపిరి నిదానించింది. కానీ పాలు రాలేదు.

అప్పుడు పెట్టె పొదుగును మెల్లగా కుమ్మింది. మళ్ళీ మెల్లగా. మూడోసారి గట్టిగా. ఆకలేసిన దూడ అలాగే కుమ్ముతుంది. చేపు ఆలస్యమైతే కుమ్మాలన్న నియమం హైమవతిది. శశి అక్కర్లేదంటే, ఆమే ఒక సాయంత్రం కూర్చుని తన చేత్తో రాసి చేర్చింది. మూడో కుమ్ముకు బూచి చేపింది. యేసోబు నడుం నొప్పి మరిచిపోయి బక్కెట్టు పట్టుకొచ్చాడు.

ఆ రోజు టీ తాగుతూ శశి ఒక మాటన్నాడు.

"నాకెందుకో ఇది మోసంలా ఉంది హైమా. దూడ లేదు. ఉందని చెప్తున్నాం."

హైమవతికి ఇలాంటి మాటలంటే చిరాకు. "కత్తిపీటతో వంకాయా కోస్తాం, ఒక్కోసారి వేలూ తెగుతుంది. పాపం కత్తిపీటకు చుట్టుకుంటుందా? పనిముట్టులో మంచీ లేదు, చెడ్డా లేదు శశీ. పట్టుకున్నవాడి ఉద్దేశం ఏంటనేదే చూడాలి. దానికి పొదుగు సలుపు తగ్గింది, మనకు పాలొచ్చాయి. ఇందులో ఎవరికి నష్టం?"

"దానికి తెలిస్తే?"

"తెలిస్తే చేపదుగా! చేపిందంటే తెలియలేదని అర్థం."

ఆమె అంత గట్టిగా అన్నాక శశి టీ గ్లాసు తీసుకుని లేచాడు. మాటల్లో పెళ్ళాన్ని గెలిచిన చరిత్ర అతనికి లేదు. కొన్నాళ్ళకు అతనికీ ఆ కత్తిపీట మాట నచ్చింది. చూడడానికి వచ్చిన వాళ్ళెవరైనా అడిగితే తనే చెప్పేవాడు.

ఆ తర్వాతి వేసవిలో హైమవతికి ఏడో నెలలోనే కాన్పు వచ్చింది. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత ఉంది. టౌనులో పెద్దాసుపత్రి వాళ్ళు గాజు పెట్టెలో పెట్టారు. హైమవతి పగలంతా ఆ గాజుకు అవతల కూర్చునేది. పాప నోరు ఇంకా చప్పరించడం నేర్వలేదు. ఈమె పాలు పిండి ఇస్తే సన్నటి గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా పోసేవాళ్ళు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నర్సమ్మ గొట్టాలతో సహా పాపను తీసి ఆమె గుండెల మీద పెట్టింది. స్పిరిటు వాసన మధ్యలోంచి పాప నెత్తి వాసన ఒక్క గుక్కెడు అందింది. హైమవతి ఆ గుక్కను లోపలికి పీల్చి పట్టుకుంది. నర్సమ్మ వచ్చి తీసుకెళ్ళిపోయింది.

పేరు పెట్టే రోజు రాకముందే పాప పోయింది. బతికుంటే ఏం పేరు పెట్టేవాళ్ళో ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

పాప పోయింది గానీ పాలకు ఆ సంగతి ఎవరు చెప్తారు? అవి వేళకు వచ్చాయి. జాకెట్లు తడిసిపోయేవి. రాజ్యమ్మ కూతురి దగ్గరే ఉండిపోయి, సాయంత్రం పూలమ్మి దగ్గర మూరలు మూరలు మల్లెపూలు కొని, రొమ్ములకు కట్టడం మొదలుపెట్టింది. పచ్చి మల్లెపూలు కడితే పాలు వెనక్కి పోతాయని ఆ వైపు ఆడవాళ్ళందరికీ తెలుసు. హైమవతి వద్దనలేదు, కట్టమనీ అనలేదు. అన్నం పెడితే చూసేది. పిలిస్తే పలికేది కాదు. ఒకసారి డాబా పిట్టగోడ మీద కాళ్ళు బయటికి వేలాడేసుకుని కూర్చుంటే, రాజ్యమ్మ వెనకనుంచి వచ్చి జబ్బ పట్టుకుని దించింది. ఆ సాయంత్రం అత్తా అల్లుడూ వంటింట్లో చాలాసేపు మాట్లాడుకున్నారు.

మర్నాడు శశి ఒక పొడవాటి పక్కదిండు తెచ్చాడు. "నడుముకు ఆనిక ఉండాలంది డాక్టరు. దీన్ని పట్టుకుని పడుకో," అన్నాడు. హైమవతి దాన్ని పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ మధ్యాహ్నం పాప వచ్చింది.

కలకూ మెలకువకూ మధ్య వచ్చింది. మొదట వెచ్చదనం. తర్వాత చెవి దగ్గర చిన్న ఊపిరి. ఆ వెనకే వాసన. ఉడుకు పాలు, నెత్తి నూనె, సాంబ్రాణి పొగ, ఇంకా పేరు లేనిదేదో ఒకటి. హైమవతి కళ్ళు తెరవలేదు. తెరిస్తే పోతుందని భయం. రొమ్ముల్లో జివ్వుమని పాలు దిగాయి. ఎన్నాళ్ళ నుంచో పట్టేసిన మెడ నరాలు వదులయ్యాయి. లేచాక తనంతట తను వంటింట్లోకి వెళ్ళి, "ఏముందే తినడానికి?" అని అడిగింది. రాజ్యమ్మ చేతిలో గరిటె కింద పడింది.

రోజూ వచ్చింది. మధ్యాహ్నం ఎండ కిటికీ మీదికి రాగానే హైమవతి తలుపు మూసుకుని పడుకునేది, పాప వచ్చేది. మూడు పూటలా తినడం మొదలుపెట్టింది. తలకు పోసుకుంది. పాలు పిండి సీసాల్లో పోసి ఆసుపత్రిలోని తల్లిపాల బ్యాంకుకు పంపడం మొదలుపెట్టింది. అక్కడ తన పాపలాంటి పిల్లలు ఇంకా గాజు పెట్టెల్లో ఉన్నారు.

ఒకరోజు శశితో చెప్పేసింది. చెప్పేటప్పుడు సిగ్గుపడింది కూడా. "నవ్వకు. నేను సైన్సు చదువుకున్నదాన్నే. అయినా వస్తోంది శశీ. దాని వాసన నాకు తెలుసు. నన్ను వదిలి పోలేక వస్తోంది."

శశి నవ్వలేదు. ఆమె తల నిమిరి, కంటి తడి కనిపించకుండా అటు తిరిగాడు. ఆ తడి దుఃఖమనుకుంది హైమవతి. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది ఆమెకు ఆ క్షణాన. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండేది ఆ ప్రేమ గురించే.

పట్టుబడింది మల్లెపూల దగ్గర. రాజ్యమ్మ పూలు కట్టడం మానేసి చాలా రోజులైంది. "ఎందుకు మానేశావే?" అని అడిగింది హైమవతి, ఊరికే.

"ఏడ దొరుకుతున్నయ్యే? మల్లెలు అయిపోయినయ్యంట," అంది రాజ్యమ్మ, బియ్యంలో రాళ్ళేరుతూ.

ఆ మధ్యాహ్నం హైమవతి పక్క మీద వాలిందో లేదో, వీధిలో పూలమ్మి కేక వినిపించింది. మల్లెలే. తల ఎత్తి చూస్తే ఒక బుట్ట కాదు, నిండు సైకిలు. ఆ కేక ఇంటి ముందు ఆగింది. వాకిట్లో రాజ్యమ్మ గొంతు తగ్గించి, "మాకొద్దులే, పో పో," అనడం కిటికీలోంచి స్పష్టంగా వినబడింది.

అమ్మ అబద్ధమెందుకు ఆడింది? ఎంత చిన్న అబద్ధం! హైమవతి మనసు దాని చుట్టూ తిరిగింది. వెచ్చదనం వచ్చింది, ఊపిరి వచ్చింది, సాంబ్రాణి వాసన వచ్చింది. ఆమె ధ్యాస మాత్రం వాకిట్లో ఉంది. పాలు దిగలేదు.

అప్పుడు పాప ఆమె రొమ్మును కుమ్మింది.

మెల్లగానే. హైమవతి కళ్ళు తెరిచింది. ఎదురుగా గోడ, గోడ మీద ఎండ. మళ్ళీ మెల్లగా కుమ్మింది. ఆమె కదలలేదు. మూడోది ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ప్రపంచంలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పసిపిల్ల రొమ్మును వెతుక్కుంటుంది, చప్పరిస్తుంది, లేకపోతే ఏడుస్తుంది. పసిపిల్ల కుమ్మదు. కుమ్మేది దూడ.

మూడోది గట్టిగానే వచ్చింది.

ఆమె కేకలు పెట్టలేదు. లేచి కుట్టుమిషను సొరుగులోంచి కత్తెర తీసి, దిండు ఒక కొస నుంచి ఇంకో కొసకు చీల్చింది. దూది తీసింది. అడుగున మెత్తటి తోలు పెట్టె, దాని మీద అడ్డంగా బూచి కొమ్ము గీత. కొట్టంలో వాడిన పెట్టెనే తెచ్చి పెట్టాడు. కొత్తది చేసేంత తీరిక లేదు కాబోలు.

సాయంత్రం శశి వచ్చేసరికి ముందుగది మధ్యలో బల్ల మీద జోల ఉంది. చుట్టూ దూది. రాజ్యమ్మ గుమ్మం పక్కన నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. హైమవతి కుర్చీలో నిటారుగా కూర్చుంది. తల్లి ముందు ఆమె ఎప్పుడూ మొగుణ్ణి మీరు అనేది. ఆ రోజు అనలేదు.

"కుమ్ము తియ్యడం మరిచిపోయావు," అంది.

శశి చేతిలో సంచి అలాగే ఉంది. "ఏంటి?"

"చేపు ఆలస్యమైతే కుమ్ముతుంది. నేను రాసింది. నువ్వు మిగతావన్నీ మార్చావు. దూడ ఊపిరి తీసి పిల్ల ఊపిరి పెట్టావు. వేడి తగ్గించావు. కుమ్ము ఒకటుందని నీకు గుర్తు లేదు."

అతను కూర్చున్నాడు. సంచి కాళ్ళ దగ్గర పెట్టాడు. మాటలు ఆగకుండా వచ్చాయి. "నువ్వు తినడం మానేశావు హైమా. మాట్లాడ్డం మానేశావు. ఆ పిట్టగోడ మీద నిన్ను చూసి అత్తయ్య ఎట్టా వణికిపోయిందో నువ్వు చూళ్ళేదు. మాత్రలిస్తే ఉమ్మేశావు. నా చేతిలో ఉన్నది అదొక్కటే. దాన్నే వాడా."

"నన్ను అడగాల్సింది."

"అడిగితే ఎట్టా పనిచేసుద్ది? తల్లికి తెలిస్తే చేపదన్నది నువ్వే కదా. మోసం పనిముట్టులో ఉండదు, పట్టుకున్నవాడి ఉద్దేశంలో ఉంటుందన్నది ఎవరు? నా ఉద్దేశం చెడ్డదా, చెప్పు. నువ్వు లేచి తిరిగావు, తిన్నావు. అక్కడ వార్డులో పిల్లలు నీ పాలు తాగి బరువు పెరుగుతున్నారు. ఇందులో ఎవరికి..."

నష్టం అనబోయి ఆగిపోయాడు. మంచివాడే. అదే హైమవతికి మరీ కష్టంగా ఉంది. పరాయివాడు చేసుంటే పోలీసులకు చెప్పేది, పగ పట్టేది. ఇతను ప్రేమతో చేశాడు. తను బూచికి ఎంత ప్రేమతో చేసిందో అంతే ప్రేమతో. బూచిని తను మాత్రం అడిగిందా?

"పాల సంగతి అడిగితే ఇచ్చేదాన్నిగా," అంది నెమ్మదిగా. "చచ్చిన పిల్లను చూపించి పిండుకోవాలా?"

గుమ్మం దగ్గర రాజ్యమ్మ ఏడ్చింది. "నన్ను అనవే, ఆ బాబునేం అనమాక. పూలు కడితే పాలెండిపోతయ్యి, పాలెండిపోతే ఆ పిల్ల నీ కాడికి రాదని నేనే ఆపేశా. గడ్డి దూడ కుట్టిన చేతులే తల్లీ ఇవి. అప్పుడు గేదె బతికింది. కూతురు బతక్కపోద్దా అనుకున్నా."

హైమవతి తల్లివైపు చూడలేదు. ఆమెకు ఇంకొక ప్రశ్న ఉంది. మధ్యాహ్నం నుంచీ అదే నమిలేస్తోంది. మిగతావన్నీ దాని చుట్టూ ఉన్న దూదిలాంటివే.

"ఆ వాసన ఎక్కడిది శశీ?"

శశి బల్ల మీది దూదిని ఒక పక్కకు పోగుచేశాడు.

"సాంబ్రాణి వాసన వచ్చేది. నెత్తి నూనె వాసన వచ్చేది. మన పాపకు తలంటు పోసిందెవరు? సాంబ్రాణి పొగ వేసిందెవరు? గాజు పెట్టెలోనే పుట్టింది, అందులోనే పోయింది. ఇన్నాళ్ళూ నాకు ఆ మాత్రం తట్టలేదు చూడు! నువ్వు చెప్పు. అది మన పాప వాసనేనా? ఎంతో కొంతైనా?"

అబద్ధం చెప్పడానికి ఇది మంచి సమయం. చెప్పుంటే బాగుండేదేమో కూడా. కానీ శశిభూషణ్ ఉన్న ఒక్క అబద్ధమూ అప్పటికే వాడేసుకున్నాడు.

"మన పాప వాసన నా దగ్గర లేదు హైమా. నీ గుండె దేనికి నిమ్మళిస్తే జోల అది కలుపుకుంటూ పోయింది. నీకెట్టాంటి పిల్ల కావాలో... అట్టాంటి పిల్ల."

హైమవతి లేచి లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. రెండోసారి పిల్ల పోయింది ఆమెకు. మొదటిసారి పక్కన ఏడవడానికి మొగుడున్నాడు, తల్లి ఉంది.

మర్నాటి నుంచి పాలు రాలేదు. పంపు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా నొప్పే తప్ప చుక్క లేదు. ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఫోను చేసింది. "ఏం మేడం, సీసాలు రాలేదు? ఇక్కడ ఒక బుడ్డిది మీ పాలు తప్ప ఏం పోసినా కక్కేస్తోంది," అంది. హైమవతి పంపుతానంది. ఆ బుడ్డిది ఏం పాపం చేసింది? మళ్ళీ పంపు పెట్టుకుంది. మళ్ళీ ఏమీ లేదు. తన ఒళ్ళు తన మాట వినడం లేదు. ఎవరి మాట వింటుందో ఆమెకు తెలుసు.

శశి వరండాలో పడుకుంటున్నాడు. అతని దగ్గరికెళ్ళి, "జోల పెట్టి ఇవ్వు," అంది.

"హైమా..."

"వార్డులో పిల్ల కోసం. నీ కోసం కాదు, నా కోసం కాదు. పెట్టి ఇవ్వు."

"కుమ్ము తీసేస్తా ముందు."

"తియ్యకు. ఉండనీ. అది దూడని నాకు తెలుస్తూ ఉండాలి."

పట్టపగలు, కుర్చీలో కూర్చుని, కళ్ళు తెరుచుకుని, పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. దిండు లేదు, గుడ్డ లేదు. నల్లటి తోలు, దాని మీద కొమ్ము గీత. అందులో సీసాలెన్నో, ఏ సీసాలో ఏముందో ఆమెకు తెలుసు, కొన్ని ఆమే ఎంచి పెట్టినవి. మీట ఆమే నొక్కింది. వెచ్చదనం వచ్చింది. సాంబ్రాణి వాసన వచ్చింది. ఆమె పళ్ళు బిగించి గీతనే చూస్తూ కూర్చుంది. కుమ్ము దాకా పోనే లేదు. జివ్వుమని పాలు దిగాయి.

తెలిస్తే చేపదని ఒకప్పుడు గట్టిగా చెప్పిన మనిషి ఆమె. అన్నీ తెలిసి చేపింది. బూచికి కూడా తెలుసేమో, తెలిసే నిలబడిందేమో అనుకుంది. సీసా నిండింది. ఆమె మీట ఆపి, పెట్టెను దూరంగా తోసి, ఒళ్ళంతా పరాయిదైనట్టు కాసేపు అలాగే కూర్చుండిపోయింది. సీసాను శశి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

వాకిట్లోంచి అదంతా చూసింది రాజ్యమ్మ. ఇక ఉండబట్టలేకపోయింది. లోపలికి పోయి, బీరువా అడుగున తన చీరల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. మూతి గట్టిగా అతికించి ఉంది. లోపల తెల్లటి ఊలు టోపీ. నిమ్మకాయకు పెట్టినా సరిపోయేలా ఉంది.

"ఆసుపత్రోళ్ళు పిల్లని ఇచ్చేసినప్పుడు దాని నెత్తి మీద నించి నేనే తీసి దాచానే," అంది. "నువ్వు తట్టుకోలేవని చూపించలా. ఉతకలా. గాలి కూడా తగలనియ్యలా. ఆ దిక్కుమాలిన పెట్టె ఎందుకు తల్లీ నీకు? అసలుది ఉండగా."

హైమవతి గుండె ఒక్కసారిగా పరుగెత్తింది. తల్లి మీద, మొగుడి మీద, జోల మీద ఉన్న కోపమంతా ఒక పక్కకు పోయింది. అది పాప టోపీ. పాపను తాకింది. ఆ రోజు గొట్టాల మధ్యలోంచి ఒక్క గుక్కెడు అందిన వాసన ఇందులో ఉంది, ఎవరూ కలపనిది, ఎవరూ లెక్కలు కట్టనిది. రొమ్ముల మీద చెయ్యి పెట్టుకుంది. ఇక ఎవరి దయా అక్కర్లేదు, ఏ పెట్టే అక్కర్లేదు అనుకుంది. కవరు చింపి, టోపీని రెండు చేతుల్లోకి తీసుకుని, ముక్కుకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని పీల్చింది.

స్పిరిటు. కొంచెం పులిసిన పాలు. ఊలు.

ఆగింది. మళ్ళీ పీల్చింది. సాంబ్రాణి లేదు, నూనె లేదు. వెనకాల ఏదో ఒక సన్నటి వాసన ఉంది, నిజమే. అది ఏ పిల్లదో ఆమెకు తెలియలేదు. ఇంకా గట్టిగా పీల్చబోతే ముక్కు దానంతట అదే ముడుచుకుపోయింది, తల వెనక్కి పోయింది. రొమ్ముల్లో ఏ కదలికా లేదు.

"అమ్మా, ఇది మన పాపదేనా?"

"అదేం మాటే! నా చేత్తో తీశానంటంటే."

టోపీ అంచున సన్నటి వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. హైమవతి దాన్ని చూసింది. తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఇది పాపదే. ఆమె మళ్ళీ మొహం దగ్గరికి తెచ్చుకోబోయింది, చేతులు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. పాప పోయిన రోజు కూడా ఏడవనంత గట్టిగా, ఇల్లు అదిరేలా ఏడ్చింది. ఏడుస్తూ కూడా ఆ టోపీని ముక్కుకు దూరంగానే పట్టుకుంది.